అంతిమయాత్రలో ఆయుధం

చట్టం అనుమతించిన ప్రతి పనీ మర్యాద అనిపించుకుంటుందా? అమెరికాలోని సైనిక శ్మశానవాటికల దగ్గర ఈ ప్రశ్న సూటిగా ఎదురవుతుంది.

ఆ దేశంలో చాలా రాష్ట్రాల్లో పౌరుడు తుపాకీ వెంట ఉంచుకుని తిరగవచ్చు. కాని మాజీ సైనికుల వ్యవహారాల శాఖ నిర్వహించే జాతీయ శ్మశానవాటికల్లో ఆ అనుమతి చెల్లదు. అధికారిక విధుల మీద వచ్చినవారు తప్ప మరెవరూ బాహాటంగా గాని, దాచుకుని గాని తుపాకీ తేకూడదని నిబంధన. రాష్ట్రాల, ప్రైవేటు శ్మశానవాటికల్లో మాత్రం ఆయా రాష్ట్రాల చట్టాలు, నిర్వాహకుల షరతులే వర్తిస్తాయి.

దీనిపై ఒక మాజీ సైనికుడు నొచ్చుకోవచ్చు. 'నా మిత్రుడు ఏ హక్కుల కోసం ప్రాణమిచ్చాడో, వాటిలో ఒకదాన్ని అతని సమాధి దగ్గరే వదులుకోవాలా?' అని అడగవచ్చు. ఆత్మరక్షణ గురించి అతనికున్న చింతను తేలిగ్గా తీసిపారేయలేము. అయితే దుఃఖంలో ఉన్నవారికి రక్షణ కల్పించవలసింది ఎవరు? సైనికుల అంత్యక్రియల దగ్గర ఒక చర్చివారు దూషణల ప్లకార్డులతో నిలబడినప్పుడు, 2006లో అమెరికా ప్రభుత్వం చట్టం తెచ్చి జాతీయ శ్మశానవాటికల్లో అంత్యక్రియల వేళ ప్రదర్శనలపై ఆంక్షలు విధించింది. ఆ బాధ్యత వ్యవస్థది, సంతాపానికి వచ్చిన ప్రతి మనిషి నడుముకున్న పిస్తోలుది కాదు.

మరి సైనిక అంత్యక్రియల్లో తుపాకులు పేలుస్తారు కదా? నిజమే. ఆ రైఫిళ్ళు మూడు దఫాలు పేలుతాయి. కాని ఆ తూటాల్లో మందు ఉంటుంది గాని గాయపరిచే గుండు ఉండదు. చాలాచోట్ల సైన్యం ఇచ్చిన రైఫిళ్ళతో మాజీ సైనికుల సంఘాలే ఈ లాంఛనం జరుపుతాయి. అందరి కళ్ళెదుట, ఆజ్ఞ ప్రకారం, మృతుని గౌరవార్థం పేలే తుపాకీ అది. కోటు కింద దాచిన తుపాకీలో నిజమైన తూటాలుంటాయి. అది మోసేవాని భద్రత కోసమే. రెండూ ఒకటెలా అవుతాయి?

బాణాలు పట్టుకుని మస్జిదులోనో, బజారులోనో నడిచేవారు ఎవరికీ గుచ్చుకోకుండా వాటి మొనలను చేత్తో పట్టుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆయుధం కలిగి ఉండటాన్ని ఆయన తప్పుపట్టలేదు. పక్కవారి క్షేమాన్ని మాత్రం ఆయుధం పట్టినవాడి బాధ్యతగా చేశారు.

చట్టం అడ్డు చెప్పని చోటనే మనస్సాక్షికి అసలు పరీక్ష. తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ ఆ తుపాకీని చూసి ఉలిక్కిపడితే, 'ఇది నా హక్కు' అన్న జవాబు సరిపోతుందా? ఆలోచించండి. అంతిమయాత్రకు వెళ్ళేవాడు ఓదార్పు తీసుకువెళ్ళాలి. తన వల్ల అక్కడ ఎవరికీ భయం కలగకుండా చూసుకోవడం అందులో మొదటిది.