శకునమా, హింసయా?

చంద్రునిచుట్టు గుడి కట్టినచో వాన వచ్చునని మా పెద్దలనెడివారు. దానిని నేను మూఢనమ్మకమనను. మిక్కిలి ఎత్తునగల పలుచని మబ్బులలోని మంచు కణములు వెన్నెలను వంచుటచే ఆ గుడి ఏర్పడును. అట్టి మబ్బుల వెనుక తరచుగా వానమబ్బులు వచ్చును. ఒక్కొక్కప్పుడు రాకపోవుటయు కలదు. అయినను ఆ గుడిని చూచి బస్తాలను లోపల వేయించినవాడు ఎవరికిని కీడు చేయలేదు. వాన రాకున్న కూలి మాత్రమే నష్టము.

విధవ ఎదురువచ్చిన పని చెడునను శకునము అట్టిది కాదు. నేను దుకాణమునకు బయలుదేరువేళ, భర్తను కోల్పోయి పుట్టింట నున్న మా మేనత్త తలుపు చాటునకు తప్పుకొనెడిది. ఆమెను పొమ్మని ఎవరును అనలేదు. వలదని నేనును అనలేదు. ఆమె ఎదురుపడని దినములలోనే నాకు బాకీలు మునిగినవి, సరుకు తడిసినది. ముప్పది ఏండ్ల ఖాతాలు వ్రాసిన నేను ఈ లెక్క మాత్రము ఎన్నడును చూడనైతిని.

సోదరులారా! నీరు వడగట్టి త్రాగి కంటికి కానరాని జీవిని కాపాడు మనము, కంటియెదుట నిలిచిన తల్లివంటి ఆమెను నొప్పించుట ఏమి అహింస? శకునమును నమ్ముటకు ముందు, దాని వెల ఎవరు చెల్లించుచున్నారో విచారింపవలెను.

మేనత్త ఇప్పుడు లేదు. నేటికిని గడప దాటునప్పుడు ఆ తలుపువైపు చూతును.