విఱిగిన విల్లు

మన పురాణకథలలో విల్లు విఱుగుట విజయచిహ్నము. మిథిలానగరమున శివధనుస్సు విఱిగినది, సీతాకల్యాణము జరిగినది. కవులు నాటినుండి నేటివఱకు ఆ ధ్వనిని వర్ణించుచునే యున్నారు. కాని కఱ్ఱ చెక్కి విల్లు చేయ నేర్చుకొనువాని ముంగిట విల్లు విఱిగినచో కల్యాణము లేదు, కావ్యము లేదు. చేతిలో రెండు ముక్కలు, చెంత నలుగురి నవ్వు, పది దినముల శ్రమ వ్యర్థము. రెండవ విల్లును అట్లే విఱుగును. మూడవది విఱుగదు గాని, లాగిన వైపునకే వంగిపోయి మఱల నిటారు కాదు. ఇట్లు తొలి యత్నములు వరుసగా చెడినపుడు మనుష్యుడు దేని బలమున మఱల పనికి కూర్చుండును? పట్టుదల బలమున నని లోకము చెప్పును. ఆ మాట సగము నిజము. మిగిలిన సగము నేర్చువానియందు లేదు; వాని చుట్టునున్న మనయం దున్నది. ఆ సగమును విచారించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

విల్లనగానే ఇది రాజుల కాలపు ముచ్చట యని చదువరులు తలంపవలదు. నేనుండు ఆనందపురము పూలసంతకు పేరుపడిన కూడలి. ఇచటినుండి ఒకవంక విశాఖపట్టణపు రేవును, ఉక్కు కర్మాగారమును. మఱియొకవంక తూర్పుకనుమల కొండవరుసలు. 2022లో పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యను పేర వేఱుపడిన ఆ మన్యమున వెదురువిల్లు తాతల నాటి ఇంటివస్తువు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై వరుసగా మూడు దినములు దాడి చేసిన ఆ వీరుని విగ్రహములు నేడు మన యూళ్లలో ఎన్నియో కలవు. వాని చేత విల్లున్నది. ఆ వింటికి నమస్కరింతుము గాని, అట్టి విల్లు చేయు చేయి ఎన్నింటిని విఱిచి నేర్చినదో అడుగము. మన దేశపు విలువిద్యా పోటీలలో వెదురుతోను కలపతోను చేసిన విండ్లకు ‘ఇండియన్ రౌండ్’ అను ప్రత్యేక విభాగము కలదు. కావున ఈ విద్య చచ్చినది కాదు.

పూర్వులు దీనిని చిన్న విద్యగా నెంచలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణములో తాటి, వెదురు, కలప, కొమ్ము అను పదార్థములతో విండ్లు చేయుదురని చెప్పి, అల్లెత్రాటికి చాగ, జిల్లేడు, జనుము, వెదురు, నరము మొదలగువానిని పేర్కొనెను. అగ్నిపురాణము శరత్కాలమున కోసిన వెదురుతో చేసిన విల్లు అన్నింటికంటె శ్రేష్ఠమనుచున్నది. ఈ యొక్క నియమము వెనుక, కాలము కాని కాలమున కోయుటచే పురుగు పట్టి పాడైన వెదుళ్లు ఎన్ని యుండెనో యూహింపుడు. శాస్త్రములోని ప్రతి విధివాక్యము వెనుకను పేరు తెలియని వారి చెడిపోయిన పని కొంత యున్నది. గ్రంథమున విధి మిగిలినది. చెడిన పని మఱుగుపడినది. అందుచేతనే చదువుకొన్న మనకు విద్య యనునది తొలినుండియు తప్పులేకుండ వచ్చినట్లు తోచును.

ఇక విల్లు ఏల విఱుగును? ఎక్కుపెట్టి లాగినపుడు వింటి వెలుపలి ముఖము సాగును. విలుకాని వైపు నున్న లోపలి ముఖము నలుగును. సాగు ముఖమున కఱ్ఱపోగులు కొననుండి కొనవఱకు తెగక సాగియుండవలెను. కొత్తవాడు నునుపు కొఱకై ఆ ముఖమును చిత్రిక పట్టును, పోగులు తెగును, తెగినచోట పేడు లేచి విల్లు విఱుగును. పచ్చి కఱ్ఱను తొందరపడి వంచినచో విఱుగకున్నను వంపు నిలిచిపోవును. నీడపట్టున నెలల తరబడి ఆఱనీయవలెను. మూడవది అన్నిటికంటె సూక్ష్మమైనది. కఱ్ఱ గట్టితనము దాని మందమును బట్టి మూడింతల వేగమున మాఱును. మందమును పదింట ఒక వంతు తగ్గించినచో గట్టితనము నాల్గింట ఒక వంతునకు పైగా తగ్గిపోవును. సగము చేసినచో ఎనిమిదింట ఒక వంతే మిగులును. కన్నునకు కానరానంత గీకినను కఱ్ఱకు అది పెద్ద మార్పు. ఒకచోట రెండు గీట్లు ఎక్కువ పడినచో విల్లంతయు పంచుకొనవలసిన వంపు ఆ యొక్కచోటనే చేరి, తలుపుబందు వలె మడతపడి, అచటనే తెగును.

కావున నేర్పరి చేయు పనిలో సగము చెక్కుట, సగము చూచుట. కొంచెము వంచును, దూరముగ నిలిచి రెండు కొమ్మల వంపు సరిగానున్నదా యని చూచును, బిగిసియున్నచోట కొంచెము గీకును, మఱల వంచును. సమముగ వంగినంత మేరకు మించి ఎన్నడును లాగడు. తీసిన పొట్టును మఱల అంటించు ఉపాయము లేదని వానికి తెలియును. ఇది యొక్క కఱ్ఱపని నీతి మాత్రమే కాదు. పసివాని మనస్సుపైనను తీసివేసినది మఱల అంటదు. ఉపాధ్యాయులమును తల్లిదండ్రులమును అగు మనము దీనిని తఱుచు మఱచుచున్నాము.

విఱిగిన ముక్కలు మూగవి కావు. వెలుపలి ముఖమున పేడు లేచియున్నచో పోగులు తెగినవని యర్థము. లోపలి ముఖమున అడ్డముగ ముడుతలున్నచో అచట భారము మించినదని యర్థము. ఒక్కచోటనే తెగినచో చేయి అచట ఎక్కువ ఆడినదని యర్థము. ఇంత స్పష్టముగ తప్పు చెప్పు గురువు మనుష్యులలో అరుదు. కాని ఆ గురువు మాట వినువారెందఱు? కొందఱు ముక్కలను వెంటనే పొయ్యిలో పెట్టుదురు. తమ యోటమికి సాక్షి యుండకూడదని వారి కోరిక. కొందఱు కఱ్ఱ మంచిది కాదందురు. మఱికొందఱు తమ నుదుట ఈ విద్య వ్రాయలేదందురు. మొదటివారు సాక్ష్యమును కాల్చిరి, రెండవవారు దోషమును కఱ్ఱపైకి నెట్టిరి, మూడవవారు బ్రహ్మపైకి నెట్టిరి. ముగ్గురును చూడవలసినదానిని చూడలేదు. వీరికి పట్టుదల కొఱవడినదని నేననను. పట్టుదల యున్నవాడును ముక్కలను చూడనిచో ఆ తప్పునే పదిమాఱులు చేయును.

మఱి వారేల చూడరు? సిగ్గువలన. సిగ్గు ఎచటనుండి వచ్చినది? మన నవ్వునుండి. ఇచట ఏకలవ్యుని కథ నాకు స్ఫురించుచున్నది. అతడు మట్టిబొమ్మను గురువుగా నిలిపి విలువిద్య నేర్చెననియు, పిదప గురువు అతని బొటనవ్రేలు కోరెననియు భారతము చెప్పుచున్నది. ఆ దక్షిణను గూర్చి లోకము చాల వాదించినది, వాదింపవలసినదే. కాని మట్టిబొమ్మ వానికేమి యిచ్చినదో తలచినవారు తక్కువ. మట్టిబొమ్మ బాణవిద్య చెప్పలేదు. అది నవ్వలేదు, తిట్టలేదు, పక్కవాని కొడుకుతో పోల్చలేదు. గుఱి తప్పిన ప్రతి బాణమును అతడు తానే పోయి తెచ్చుకొని, ఏల తప్పెనో తానే చూచుకొనెను. సజీవులైన గురువులు పలువురు ఇయ్యలేని దానిని ఆ మట్టిముద్ద ఇచ్చినది.

కొండవారు ఓటమిని చూచి నవ్వరని నేను చెప్పబోను. చైత్రమున మన్యమునందు జరుగు ఇటుకల పండుగలో, వేటనుండి వట్టిచేతులతో వచ్చిన మగవారిని ఆడువారు పేడనీళ్లు చల్లి పరిహసించు ఆచారము కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము చేత వేట నిషిద్ధమైనది. పరిహాసము మాత్రము ముచ్చటగా నిలిచినది. అయినను ఆ నవ్వునకును మన నవ్వునకును భేదము గమనింపుడు. అది పండుగనాటిది, పెద్దవారి మీదిది, ఆనాటితో తీఱునది. మన నవ్వు పసివాని మీదిది. ఏడాది పొడవున నిలుచునది.

మన యిండ్లలో తొలి తప్పునకు మనము కట్టు వెల చూడుడు. బాలుడు లెక్క తప్పినచో తరగతి యంతయు వినునట్లు మందలింపు. బాలిక తొలిసారి సైకిలు తొక్కి పడినచో ‘నీకెందుకమ్మా ఇవి’ యను మాట; ఆమె అన్న పడినచో ‘లేచి మఱల తొక్కరా’ యను మాట. ఒకే పడుటకు రెండు వెలలు! బెజవాడ బాలిక వెన్నం జ్యోతిసురేఖ 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో విలువిద్యయందు మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆ పతకములను చూచి చప్పట్లు కొట్టిన గృహములలో, తన కూతురి తొలి బాణము గోడకు తగిలినపుడు మౌనము వహింపగల వెన్ని? 2019లో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన దినములలో పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ పిల్లలకు పట్టుదల లేదందుమా? ఒక్క తప్పునకు అంత వెల యున్నదని వారికి నమ్మించినవారెవరు?

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు: తప్పునకు వెల తగ్గించినచో అశ్రద్ధ పెరుగదా? భయము లేనిచోట శ్రద్ధ యెట్లు నిలుచును? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. వంతెన కట్టువాడు, శస్త్రచికిత్స చేయువాడు, బస్సు నడపువాడు ‘ఇది నా తొలి తప్పు’ అనినచో మనము ఒప్పుకొనము, ఒప్పుకొనరాదు. కాని ఆలోచింపుడు. వారి చేతిలో తుదినాటి తప్పు అంత ఖరీదైనది గనుకనే తొలినాటి తప్పు చౌకగా నుండవలెను. ఆటవింటిని విఱిచి నేర్చినవాడు పెద్దవింటిని విఱువడు. పసిదనమున తప్పు దాచుట నేర్చినవాడు పెద్దవాడై వంతెనలో పగులును దాచును. మఱియు వెల తగ్గించుట యనగా తప్పును మెచ్చుకొనుట కాదు, చూడక విడుచుట కాదు. విల్లు విఱిగినపుడు వాని శ్రమ పోయినది. ఆ దండన చాలును. దానిపై మనము వేయు దండన వానికి కఱ్ఱను గూర్చి ఏమియు చెప్పదు. మనలను గూర్చి మాత్రము చెప్పును.

ఇంగ్లండున రోజర్ ఆస్కమ్ అను పండితుడుండెను. ఎలిజబెతు రాణికి బాల్యమున చదువు చెప్పినవాడు. అతడు 1545లో విలువిద్యను గూర్చి ‘టాక్సోఫిలస్’ అను గ్రంథమును, పండితులు లాటిను భాషను పట్టుకొని వ్రేలాడుచున్న ఆ దినములలో, తన దేశభాషలో ప్రకటించెను. ఆ పండితుడే, 1563లో ఈటన్ పాఠశాల బాలురు దెబ్బలకు భయపడి పారిపోయిరన్న వార్త విని కలిగిన చర్చవలన, బాలురను కొట్టక మృదువుగా చదువు చెప్పవలెనని ‘స్కూల్‌మాస్టర్’ అను మఱియొక గ్రంథము వ్రాసెను. అతని మరణానంతరము 1570లో అది వెలువడెను. వింటిని గూర్చి వ్రాసిన చేయియే బెత్తమునకు వ్యతిరేకముగ వ్రాయుట నాకు ఆశ్చర్యముగ లేదు. వంగవలసినదానిని బలముతో వంచినచో ఏమగునో విలుకానికి తెలియును.

మన ఉత్తరాంధ్రమునను అట్టి ఉపాధ్యాయుడొకడు కలడు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడిపంతులై యుండి, సవరలవద్ద శిష్యుడై వారి భాష నేర్చిరి. లిపిలేని భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చుటకు దశాబ్దములు పట్టెను. 1931లోను 1938లోను అవి అచ్చైనవి. పండితుడు అడవివారియెదుట తప్పులు పలికి, వారిచేత దిద్దించుకొనవలెనన్నచో ఎంత వినయము కావలెను! గ్రంథము చదివిన చేయి గొప్పది, కఱ్ఱ చెక్కు చేయి తక్కువది యను భ్రమ మనలో నున్నంతవఱకు, చెక్కునపుడు కలుగు తప్పును అవమానముగా చూచుట మానము. చేతిపనిని చిన్నచూపు చూచుటయు, తొలి తప్పును చూచి నవ్వుటయు ఒక్క వేరు నుండి పుట్టినవే.

కావున చదువరులారా, నా మనవి చిన్నది. మీ పెరటిలో పిల్లలకు ఒక మూల విడువుడు. ఒక కత్తి, కొన్ని వెదురు బద్దలు, ఒక జనపత్రాడు చాలును. ఆడపిల్లకును మగపిల్లవానికిని సమముగ నిండు. కత్తి పట్టు విధము మాత్రము దగ్గరనుండి చెప్పుడు. విల్లు విఱిగినపుడు నవ్వకుడు, అయ్యో యనకుడు, మీరు తీసికొని బాగుచేయకుడు. ముక్కలను ఒకచోట వరుసగా పెట్టించి, ఎచట తెగెనో వారిచేతనే చెప్పింపుడు. నాలుగవదో అయిదవదో వంగి నిలుచును. అది నిలువకున్నను, తన తప్పును ఇతరుల యెదుట పెట్టి తిన్నగా చూడగల బిడ్డ ఒకడు మీ యింట తయారగును. పాఠశాలలో మేము చెప్పు పాఠము లన్నియు ఆ బిడ్డకు సులువుగా అబ్బును. అబ్బనిది ఏదైనను యున్నచో, దాచక వచ్చి మమ్ము అడుగును.