క్లెయిము ఫారంమీది సంతకం



ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఎవరింట్లోనైనా జరగగలది.

నందిగామలో అన్న పేరుమీద ఫైనాన్సులో కారు కొన్నారు. ఓ సాయంత్రం లైసెన్సులేని తమ్ముడు దాన్ని తీసుకుని జగ్గయ్యపేట బయలుదేరాడు. చిల్లకల్లు దగ్గర డివైడరును గుద్దాడు. దేవుని దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కారు ముందుభాగం నుజ్జయింది. క్లెయిము ఫారంలో బండి నడిపింది తానేనని రాసి అన్న సంతకం చేశాడు. సర్వేయరు చూసి వెళ్ళాడు. డబ్బు ఇంకా రాలేదు. ఆదివారం పూజలో దివ్యసత్ప్రసాదానికి లేవబోయి అన్న ఆగిపోయాడు.

ఆ క్లెయిము వెనక్కి తీసుకోవాలా?

"ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టాం, మన డబ్బేగా" అంటారు ఇంట్లోవాళ్ళు. ప్రీమియం బ్యాంకులో దాచుకున్న సొమ్ము కాదు. పదిమంది కట్టినదానిలోంచి నష్టపోయినవాడిని ఆదుకునే ఏర్పాటు అది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో బళ్ళు మునిగినప్పుడు ఆదుకున్నది అలాంటి ఉమ్మడి సొమ్మే.

"అంత పెద్ద కంపెనీకి ఇదో లెక్కా?" అంటారు. వినిమయ న్యాయంలో చూడవలసింది మనుషుల హోదా కాదు, ఇచ్చినదానికి పుచ్చుకున్నది సమానమా అన్నదేనని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. పైగా బీమా ఒప్పందం నిలిచేదే మాటమీద నమ్మకంతో.

మూడో వాదన బరువైనది: "కిస్తీలో?" ఆర్.సి. పుస్తకంలో ఫైనాన్సువారి పేరుంది. ఆ కారే వారికి హామీ. కిస్తీ ఆగదు, బండిని పాడుగా వదిలేయడమూ న్యాయం కాదు. అంటే రిపేరు ఖర్చుకు ఇల్లాలి మెడలో గొలుసు తాకట్టుకు వెళ్ళవచ్చు. తప్పు చేయని మనిషి నష్టపోతుంది. దీన్ని తేలిగ్గా చెప్పలేను. అయితే ఆ గొలుసు కాపాడటానికి ఇతరుల సొమ్ము తీసే హక్కు మనకు రాదు. ఫైనాన్సువారిని గడువు అడగవచ్చు. తమ్ముడు తన సంపాదనలోంచి వాటా పెట్టాలి.

కాబట్టి క్లెయిము నంబరు వేసి ఉత్తరం రాయాలి. వెనక్కి తీసుకుంటున్నామన్న ఒక్క ముక్క రాస్తే దొంగతనం ఆగుతుందిగాని అబద్ధం ఫారంలోనే మిగులుతుంది. బండి నడిపిందెవరో కూడా రాయాలి. డబ్బు అప్పటికే పుచ్చుకుని ఉంటే తిరిగి ఇవ్వాలి. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2412వ పేరా కోరేది అదే. సుంకరి జక్కయ్య చేసిందీ అదే.

ఇది విని నిజమైన క్లెయిములు కూడా మానుకోనక్కరలేదు. నిజాయితీగా అడిగేది హక్కు. నో క్లెయిము బోనస్ మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. దానికోసం చిన్న గీతను వదిలేసుకుంటే అది లెక్క చూసుకోవడమే, పుణ్యమూ కాదు, పాపమూ కాదు. కాని ప్రమాదంలో ఎవరైనా గాయపడి ఉంటే సంగతి వేరు. అప్పుడు గుట్టుగా తప్పుకుంటే వారికి రావలసిన పరిహారానికి అడ్డుపడినవాళ్ళమవుతాం.

అన్న ఫారంమీద సంతకం చేస్తుంటే తమ్ముడు పక్కనే ఉన్నాడు. ఆ ఉత్తరంమీద సంతకం కూడా అతని ఎదుటే చేయాలి. పోస్టు చేయడానికి అతన్నే పంపండి.