నడివయస్సులో నూతన బలము



40 ఏండ్లు దాటగానే తల నెరయును, మోకాళ్లు నొచ్చును. కొందరు జుట్టుకు రంగు వేసికొందురు, కొందరు అద్దము చూచి నిట్టూర్చుదురు. అయితే మనుష్యుని ముందుగా ముసలివానిని చేయునది నెరసిన వెండ్రుక కాదు, మనస్సులో దాచుకొనిన చేదు.

యెహోషువ 14వ అధ్యాయములోని కాలేబును చూడుడి. 40వ ఏట అతడు కనానును వేగుచూచి వచ్చి నిజము చెప్పెను, ప్రజలు నమ్మరైరి. వారి అవిశ్వాసమువలన, తాను చేయని తప్పునకు, అతడును అరణ్యములో తిరుగవలసివచ్చెను. నడివయస్సంతయు అచ్చటనే గడచెను. అయినను అతడు సణిగినట్లు లేఖనములో ఎచ్చటను లేదు. 85వ ఏట యెహోషువ యెదుట నిలిచి, తన బలము తగ్గలేదని చెప్పి, శత్రువులున్న హెబ్రోను కొండసీమనే అడిగెను. దేవుని వాగ్దానమును పట్టుకొనినవాని చేతిలో పగకు చోటులేదు.

సహోదరులారా, పొలము గట్టు తగాదాతో మనలో అన్నదమ్ములు మాట మానలేదా? నేనును ఒక విశ్వాసితో 3 ఏండ్లు మాటలాడక తిరిగితిని. వెళ్లి అతని చేయి పట్టుకొనిన రాత్రి పసిబిడ్డవలె నిద్రపోతిని. మరునాడు సంఘపెద్ద నన్ను చూచి, "అయ్యగారూ, మీ ముఖము తేటగా ఉన్నదండి" అనెను.

ఈ రాత్రి దీపమార్పకమునుపే ఆ పేరు ప్రభువు సన్నిధిని పలికి క్షమించుడి. తెల్లవారగానే వారి గడప తొక్కుడి. ప్రభువు మిమ్మును నూతనపరచునుగాక. ఆమేన్.