ఒక్కణ్ణే పోయిన ప్రయాణం

2020లో మా ఆఫీసు ఇంట్లోకొచ్చింది. బెంగుళూరు గది ఖాళీ చేసి బళ్లారి చేరాను. అప్పట్నించీ పని నా సంచిలోనే ఉంది.

నా చిన్ననాటి స్నేహితుడు జీన్స్ ప్యాంట్లు కుడతాడు. పీసుకింత అని కూలి. మిషను దిగితే ఆ రోజు డబ్బు లేదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకీ, మా ఊరు మైసూరుకీ పోయాక బడి కన్నడమైంది గదా, బడి బయట నేను తెలుగు మాట్లాడింది వాడితోనే.

మొన్న చలికాలం హంపి పోయాను. (2021 దాకా మా జిల్లాదే, ఇప్పుడు విజయనగర జిల్లా.) పొద్దున మాతంగ కొండ, మధ్యాహ్నం హొసపేట లాడ్జీలో ఉద్యోగం. వాడికి మాత్రం "ఆఫీసు పని మీద పోతాండా" అని చెప్పాను. సగం నిజం.

వాడి కూలి పోతుందని జాలిపడ్డానా? కాదు. జాలే అయితే పిలిచి, వాడి నోటితోనే రాలేననిపించుకునేవాణ్ణి. తుంగభద్ర ఒడ్డున ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవాలనిపించింది, అంతే. అది తప్పని ఇప్పటికీ అనుకోను. నా ఏకాంతం మీద స్నేహితుడికి హక్కు లేదు. నిజం మీద ఉంది. చెప్పివుంటే నవ్వి "పోరా" అనేవాడేమో. కదల్లేనివాణ్ణి అడిగేదేమిటని నేనే తేల్చేశాను.

తిరిగొచ్చి అరటిపండ్లిచ్చాను. మిషను ఆపి ఒకటి ఒలిచాడు.

"హంపి కోతులు నీకు ఇన్ని మిగిలిచ్చినాయేంరా?"

నేనింకా జవాబు చెప్పలేదు.