చూడదలచినదియు, చూడవలసినదియు

మనుష్యుడు తన యెదుటనున్న లోకమును ఉన్నదున్నట్లు చూచుచున్నాడా, లేక తన యిచ్ఛకు తగినట్లు ఏర్చి కూర్చుకొని చూచుచున్నాడా యను ప్రశ్న మన దర్శనములంత ప్రాచీనమైనది. సాంఖ్యులును, వేదాంతులును, బౌద్ధులును దీనినిగూర్చి చేసిన వాదములకు అంతులేదు. అయితే ఆ వాదములు జరిగిన కాలమున ఈ యేర్చికూర్చుకొనుట యంతయు మనస్సు లోపల, మనకు తెలియకుండనే జరుగు వ్యాపారము. నేడది బయటికి వచ్చి కంటికి కనబడు పనియైనది. కార్యాలయమున నుద్యోగి ఉదయమున కంప్యూటరు తెరచినంతనే కనబడు డ్యాష్‌బోర్డులో ఏ విడ్జెట్టు పైన నుండవలెనో, ఏది క్రింద నుండవలెనో, ఏది అసలే కనబడకూడదో తానే నిర్ణయించి, మౌసుతో లాగి, అమర్చి, భద్రపరచుకొనుచున్నాడు. ఇట్లు తన దృష్టిని తానే నిర్మించుకొనిన మనుష్యునికి, తాను చూడక విడిచిన దానియెడల బాధ్యత యుండునా, ఉండదా? నేను విచారింపదలచిన విషయమిది.

ఇట్టి డ్యాష్‌బోర్డులను నిర్మించు సాధనములలో జాంగో యను ఫ్రేమ్‌వర్కును నిదర్శనముగా గ్రహింతును. ఇది 2003లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, లారెన్స్ పట్టణపు వార్తాపత్రికయైన లారెన్స్ జర్నల్-వరల్డ్ కార్యాలయమున, ఏడ్రియన్ హొలోవాటి, సైమన్ విలిసన్ అనువారి కృషివలన పుట్టి, 2005 జూలైలో అందరికిని ఉచితముగా లభ్యమైనది. జాంగో రైన్‌హార్ట్ అను గిటారు విద్వాంసుని పేరు దీనికి పెట్టిరి. ఏ విషయమును చూపవలెనో నిర్ణయించు భాగమును, అది యే రూపమున కనబడవలెనో నిర్ణయించు భాగమును వేరుపరచుట దీని నిర్మాణములోని మూలవివేకము: మొదటిదానిని వ్యూ యనియు, రెండవదానిని టెంప్లేటు అనియు నిర్మాతలు వ్యవహరింతురు. విషయము డేటాబేసులో నుండును. ఇక వినియోగదారుని యభిరుచి యెచట నుండవలెను? దానికొక ప్రత్యేకమైన పట్టికను కల్పించి, ఒక్కొక్క మనుష్యునికి ఒక్కొక్క వరుసను కేటాయించి, ఆ వరుసలోని జేసన్ ఫీల్డునందు ఏ విడ్జెట్టు ఏ స్థానమున, ఎంత వెడల్పున నుండవలెనో, కనబడవలెనో దాగవలెనో వ్రాసియుంచుట వాడుక. బ్రౌజరులో లాగి వదలు పనిని జావాస్క్రిప్టు చేయును. వదలిన పిమ్మట ఆ యమరిక సర్వరునకు చేరి యచట నిలుచును. ఆ మనుష్యుడు మరునాడు వచ్చినను, మరుసంవత్సరము వచ్చినను అతని లోకము అతడు విడిచిపోయినట్లే యుండును.

ఏర్చుకొనుటయే దోషమని నేననను. భగవద్గీత పదునొకండవ యధ్యాయమున అర్జునుడు విశ్వరూపమును చూపుమని తానే కోరెను. మానవనేత్రమునకు అది యలవి కాదు గనుక దివ్యచక్షువును పొందెను. పొంది, సర్వమును ఒక్కసారిగా చూచి, భరింపలేక వణకి, పూర్వమువలె సౌమ్యమైన రూపమునే చూపుమని ప్రార్థించెను. కృష్ణుడు ఆ ప్రార్థనను నిరసింపక, పరిమితమైన రూపమునే మరల చూపి, భయపడినవానిని ఊరడించెను. పరిమితుడైన జీవునకు పరిమితమైన దర్శనమే హితమని యిందువలన తేలుచున్నది. వేయి యంకెలను ఒకే తెరమీద గ్రుమ్మరించి, నీవే చూచుకొమ్మనువాడు చూచువానిని గౌరవించుటలేదు. కావున తన యవసరమునకు తగినదానిని ముందుకు తెచ్చుకొను స్వేచ్ఛను ఇచ్చుట దయతో కూడిన పనియే.

అయితే ఆ స్వేచ్ఛకు హద్దెక్కడ? దీనికి సమాధానము వెదకునప్పుడు నా మనస్సు స్మార్తుల యిండ్లలోని పంచాయతన పూజవైపు పోవుచున్నది. శంకరభగవత్పాదులు నెలకొల్పిరని సంప్రదాయము చెప్పు నీ పూజలో శివుడు, విష్ణువు, దేవి, సూర్యుడు, గణపతి యను నైదుగురును ఒకే పళ్ళెములో నుందురు. విగ్రహములకు బదులు నర్మదానదిలోని బాణలింగము శివునకు, గండకిలోని సాలగ్రామము విష్ణువునకు, శోణభద్రలోని యెఱ్ఱని శిల గణపతికి, స్ఫటికము సూర్యునకు, మన శ్రీకాళహస్తి చెంత పారు స్వర్ణముఖిలోని శిల దేవికి ప్రతీకలు. ఉపాసకుడు తన యిష్టదైవమును నడుమ నుంచుకొనును. శివుడు నడుమ నున్నచో ఈశాన్యమున విష్ణువు, ఆగ్నేయమున సూర్యుడు, నైరృతిన గణపతి, వాయవ్యమున దేవి. వేరొకరు నడుమకు వచ్చినచో తక్కినవారి స్థానములును తదనుగుణముగా మారును. ఒక యింట శివుడు నడుమ నుండుటను చూచి విష్ణువును నడుమ నుంచుకొనిన పొరుగింటివాడు తప్పుపట్టడు. వ్యక్తి యభిరుచికి ఇంత యుదారముగా చోటిచ్చిన పూజావిధానము నాకు వేరొకటి తెలియదు. కాని యిందులో ఒక నియమము కలదు: నడుమ నెవరినైనను నిలుపుకొనవచ్చునుగాని నలుగురిలో ఏ యొక్కరిని పళ్ళెమునుండి తీసివేయరాదు, అభిషేకము నడిమివానికే గాక నాలుగు మూలలవారికిని జరుగవలెను.

మూల నుండుట వేరు, కనుమరుగగుట వేరు. ఈ భేదమెంత గురుతరమైనదో 1979 మార్చి 28వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రమున ఋజువైనది. రియాక్టరునందు పీడనము హెచ్చినప్పుడు తెరచుకొని, తగ్గినప్పుడు మూసికొనవలసిన యొక వాల్వు ఆనాడు తెరచుకొని యట్లే చిక్కుకొనిపోయెను. నియంత్రణశాలలో దానికై యేర్పరచిన దీపము ఆరిపోయియుండుటచే వాల్వు మూసికొనినదని పనివారు నమ్మిరి. కాని యా దీపము వాల్వు స్థితిని తెలుపునది కాదు; మూసికొమ్మను నాజ్ఞ పోయినదని మాత్రమే తెలుపునది. రెండు గంటలకు పైగా చల్లార్చు నీరు ఆ వాల్వు గుండ పోవుచునే యుండెను; రియాక్టరు లోపలి యింధనములో చాల భాగము కరగిపోయెను. ఆ నీరు పోయి చేరుచున్న తొట్టి స్థితిని చూపు పరికరములు లేకపోలేదు. అవి ప్రధానఫలకమునకు వెనుకవైపున, ఎదుట నిలిచినవారి కంటబడని చోట నుండెను. సత్యము ఆ గదిలోనే యున్నది. దానిని ఎవ్వరును తీసివేయలేదు, వెనుకకు అమర్చిరి, అంతియే. కావున "నేను దాచలేదు, స్థానము మార్చితిని" అను మాట నిర్మాతకు గాని వినియోగదారునికి గాని చాలిన సమాధానము కాజాలదు. పంచాయతనములో నాలుగు మూలలును ఒకే పళ్ళెములో, ఒకే చూపునకు అందునట్లుండుటలోని యౌచిత్యము నాకిచట మరింత స్పష్టమగుచున్నది.

నన్ను మిక్కిలి కలవరపెట్టునది యింకొకటి కలదు; ఇట్టి డ్యాష్‌బోర్డులను నిర్మించినవారికి అనుభవములో తగులునట్టిది. వినియోగదారుడు ఒకనాడు తన యమరికను భద్రపరచుకొనును. కొన్ని మాసములకు నిర్మాతలు ఒక క్రొత్త విడ్జెట్టును చేర్తురు. నాడు భద్రపరచిన జాబితాలో దాని పేరుండదు. పేరు లేనిదానిని జాబితా ప్రకారము నడుచు టెంప్లేటు చూపదు. క్రొత్తగా చేరినవారి తెరలమీద అది కనబడుచుండగా, శ్రద్ధగా తన తెరను దిద్దుకొనిన పాతవానికి మాత్రము అది పుట్టినట్లే తెలియదు. వాడు దానిని వద్దనలేదు. వాడు కోరుకొనిన దినమున అది లోకములోనే లేదు. మన యోగశాస్త్రము సంస్కారమని చెప్పినది సరిగా నిట్టిదే. పూర్వము చేసిన చర్య చిత్తమున ముద్రయై నిలిచి, ఆ చర్యకు కారణమైన సందర్భము గడచిపోయిన పిమ్మటను, రాబోవు దర్శనమును శాసించుచుండును. నిన్నటి కోరిక నేటి కంటికి అధికారియగును. దీనికి నిర్మాతలెరిగిన విరుగుడొకటి కలదు: అమరికను సమగ్రముగా భద్రపరచక, వినియోగదారుడు స్వయముగా మార్చిన యంశములను మాత్రమే భద్రపరచి, తక్కినదంతయు ప్రతిసారియు నేటి జాబితానుండి క్రొత్తగా కూర్చుట. అప్పుడు వాడు తెలిసి వద్దన్నది దాగియుండును, తెలియనిది ఎదుటికి వచ్చును. చిన్న మార్పువలె తోచు నీ పద్ధతిలో, మనుష్యుని పూర్వేచ్ఛను గౌరవించుచునే వానిని దానికి బందీ కానీయని వివేకమున్నది. దీనిని కనుగొనిన శిల్పుల యెడల నాకు నిజమైన గౌరవము కలదు.

ఇక మూలప్రశ్నకు వచ్చెదను. తెరమీద ఏది కనబడవలెనో నిర్ణయించునవి మూడు: అధికారము, రుచి, కర్తవ్యము. అధికారమనగా చూచుటకు యోగ్యత. దీనిని ఇతరులు నిర్ణయింతురు. జాంగోలో ప్రతి మోడలునకును, అనగా డేటాబేసులోని ఒక్కొక్క విధమైన విషయమునకు, చేర్చుటకు, మార్చుటకు, తొలగించుటకు, చూచుటకు వేర్వేరు అనుమతులు సహజముగనే యేర్పడియుండును. వీనిలో చూచుటకైన యనుమతి 2018లో వెలువడిన 2.1వ రూపాంతరముతో వచ్చినది. మంచి నిర్మాత ఈ యోగ్యతను సర్వరునందే పరీక్షించును. టెంప్లేటులో దాచినంతమాత్రమున విషయము రక్షితము కాదని యతడెరుగును. రుచియనగా తన యిష్టము. దానికై జేసన్ ఫీల్డున్నది. మూడవదైన కర్తవ్యమునకు, అనగా ఇష్టమున్నను లేకున్నను ఈ మనుష్యుడు చూచి తీరవలసిన దానికి, ఆ ఫ్రేమ్‌వర్కులో సిద్ధముగా నున్న స్థానమేదియు లేదు. కావలెనన్నచో నిర్మాత తానే కల్పింపవలెను. నిర్మాతను అట్లు చేయుమని సాధారణముగా ఎవ్వరును అడుగరు. ఏలయన డబ్బిచ్చి డ్యాష్‌బోర్డును చేయించుకొనువాడు చూచువాడే గాని, చూడబడువాడు కాడు.

భీష్మపర్వారంభమున వ్యాసుడు ధృతరాష్ట్రునికి యుద్ధమును చూచుటకు చూపు నిచ్చెదననగా, ఆ రాజు బంధువధను కన్నులార చూడజాలననియు, వినుటకు మాత్రము కోరుచున్నాననియు పలికెను. తన దర్శనమును తన హృదయదౌర్బల్యమునకు తగినట్లు అమర్చుకొనినవానికి ఇంతకంటె స్పష్టమైన యుదాహరణము నాకు తోచదు. వ్యాసుడు ఆ కోరికను మన్నించి, దివ్యదృష్టిని సంజయునకిచ్చెను. సంజయుడు రాజు కొలువులోనివాడు. రాజునకు ప్రియమైన వార్తలను ముందుంచి, అప్రియమైనవానిని మూలకు నెట్టుట వానికి సులభము, బహుశః క్షేమమును. అతడు యుద్ధభూమినుండి వచ్చి మొట్టమొదట చెప్పిన మాట భీష్ముడు పడెననియే. చూపు వలదు, మాట చాలునని మాధ్యమమును కోరుకొనుటవరకు రాజునకు స్వేచ్ఛ యుండెను. ఏది వినవలెనో కోరుకొను స్వేచ్ఛను మాత్రము సంజయుడు వానికీయలేదు. డ్యాష్‌బోర్డును నిర్మించువాని ధర్మము సంజయుని ధర్మమని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఈ ధర్మమును ఆచరణలో పెట్టునప్పుడు ఒక కష్టము ఎదురగును. ఒక ప్రభుత్వాస్పత్రి పర్యవేక్షకుని యెదుట నొక డ్యాష్‌బోర్డు ఉన్నదనుకొందము: నేటి రోగుల సంఖ్య, ఖాళీ మంచములు, మందుల నిల్వ, శస్త్రచికిత్సల పట్టిక, ఫిర్యాదులు. ఫిర్యాదుల విడ్జెట్టు వానికి బాధ కలిగించును. దానిని దాచుటకు మీట యున్నది. దానిని దాచరానిదిగా చేయుటకు నిర్మాతకు రెండు మూడు పంక్తుల కోడు చాలును. కాని దాచరానివానిలో ఏవి చేరవలెనో ఎవరు నిర్ణయింతురు? అన్నియు చేర్చినచో మరల విశ్వరూపమే యగును. పర్యవేక్షకుడు దేనినీ చూడకయే చూచినట్లుండుటకు అలవాటుపడును. పర్యవేక్షకునే అడిగినచో కర్తవ్యము మరల రుచియగును. నిర్మాత తానే నిర్ణయించినచో, ఆస్పత్రి గడప త్రొక్కనివాడు ఆస్పత్రికి ధర్మము చెప్పినట్లగును. పంచాయతనములో ఐదుగురెవరో సంప్రదాయము నిర్ణయించినది. ఆస్పత్రి తెరకు అట్టి సంప్రదాయమింకను పుట్టలేదు. నా యభిప్రాయములో ఆ జాబితాను వ్రాయునప్పుడు ఓ.పి. చీటీ పట్టుకొని వరండాలో నిలుచున్నవారిని, రాత్రి మంచము దొరకక నేలమీద పండుకొనిన రోగుల బంధువులను పిలిచి, లోపలివారు ప్రతిదినమును దేనిని చూడకపోవుటవలన మీకు హాని కలుగుచున్నదని అడుగవలెను. వారు చెప్పిన రెండు మూడింటికి ఆ తెరమీద దాచు మీట నుండనీయకూడదు.