స్వభావమును, జీవనోపాధియు

ఉద్యోగము పురుషలక్షణమని మన పెద్దలు చెప్పుదురు. ఏ యుద్యోగ మెవనికి తగునో మాత్ర మీ సామెత చెప్పదు. చెప్పకపోవుటచేతనే యనేక గృహములలో నొక మౌనదుఃఖము పెరుగుచున్నది.

గడచిన వేసవిలో నా పూర్వశిష్యు డొకడు నన్ను చూడవచ్చెను. బడిలో మితభాషి, లెక్కలలో చురుకైనవాడు, ఒంటరిగా కూర్చుండి పుస్తకము చదువుటయే వానికి పండుగ. అట్టివాడు హైదరాబాదులో బీమా పాలసీలు అమ్ము పనిలో చేరెను. దినమెల్ల నపరిచితులకు ఫోను చేసి, వారు విసుగుకొన్నను నవ్వుచు మాటాడవలెను. జీతము మంచిదే, పై యధికారియు దుష్టుడు కాడు. "మాస్టారూ, ఇంటికి వచ్చేసరికి మా అమ్మతో మాట్లాడటానికి కూడా నాలో మాట మిగలటం లేదండీ" యని వాడు చెప్పెను.

మూడేండ్ల క్రిందట వా డీ బాధయే చెప్పుకొన్నప్పుడు "అలవాటైపోతుందిలే" యని పంపివేసినవాడను నేనే. కావున నిది నాకు వట్టి తత్త్వవిచారము గాదు. అట్టి యుద్యోగమును విడుచుట పిఱికితనమా, ధర్మమా?

పిఱికితనమనువారి వాదమును త్రోసిపుచ్చరాదు. కష్టములేని పని లేదు. ఇంటి యప్పులును, చెల్లెలి చదువును, తండ్రి మందులును మన స్వభావముకొఱ కాగవు. నిజమే. కాని యనిష్టము వేఱు, అననుకూలత వేఱు. అలవాటులేమిచే కలుగు బాధ నేర్పు పెరిగినకొలది తగ్గును. స్వభావవిరోధముచే కలుగు బాధ నేర్పు పెరిగినను తగ్గదు. నా శిష్యుడు పనిలో నేర్పరియై బహుమానములు గూడ పొందెను. అలసట మాత్రము పెరిగెను. ఇదియే పరీక్ష.

1921లో స్విట్జర్లండు వైద్యుడు కార్ల్ యూంగ్ అంతర్ముఖులను, బహిర్ముఖులను వేఱుపఱచి గ్రంథము ప్రకటించెను. అంతర్ముఖత్వము రోగము గాదు, గర్వమును గాదు. గీతలోని స్వధర్మమును కులవృత్తికి ముడివేసి యువకుల కాళ్లు కట్టినవారు పలువురు. దానిని వ్యక్తి స్వభావమునకే యన్వయించుట నేటి మనకు న్యాయము.

కటకములు సానపట్టి బ్రతికిన స్పినోజా, 1673లో హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున నీయజూపిన యాచార్యపదవిని మర్యాదతో నిరాకరించెను. ఆంగ్లకవి విలియం కూపరునకు 1763లో బంధువు పలుకుబడిచే ప్రభువులసభలో నుద్యోగము సిద్ధమయ్యెను. సభయెదుట పరీక్షకు నిలువవలెనను భయముచే నాతడు మతి చెడి యాత్మహత్యకు యత్నించెను. పిమ్మట పల్లెపట్టున తోట పెంచుకొనుచు మంచి కావ్యములు వ్రాసెను. అయినను వ్యాకులత పూర్తిగా తొలగలేదు. ఏకాంతము సర్వరోగనివారిణి యని నే ననను. ఒకడు తన్ను ముందే యెఱిగెను, ఒకడు విఱిగినపిదప నెఱిగెను. నా తాత్పర్య మింతియే.

విడుచుటకును ధర్మ మున్నది. కోపమున విడువరాదు, ఇంటిలో దాచి విడువరాదు. కొన్ని నెలల గ్రాసము కూడబెట్టి, వేఱు పని చూచుకొని, గడువు చెప్పి, చేతిలోని పని యప్పగించి రావలెను. నా శిష్యు డట్లే చేసి, చిన్న కార్యాలయములో లెక్కలు వ్రాయు పనిలో కుదిరెను.

మొన్న వాని తల్లి కనబడి, జీతము తగ్గినదని మొదట చెప్పెను. రాత్రి భోజనమువేళ కొడుకు మాటాడుచున్నాడని పిమ్మట చెప్పెను. ఇప్పుడు నాయొద్దకు వచ్చు పిల్లలతో "అలవాటైపోతుందిలే" యనుటకు ముందు, సాయంకాలము నీలో నేమి మిగులుచున్నదని యడుగుచున్నాను. తలిదండ్రులును ఆ ప్రశ్న యొక్కసారి యడిగి చూతురు గాక.